నీటి విలువ లెక్క: రైతులూ, లష్కరూ, ఏఈ కలిసి ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: సాగర్ కుడి కాలువ కింద ఒక మేజరు (ప్రధాన కాలువ నుంచి చీలే పంపిణీ కాలువ) చివర మీ భూములు ఉన్నాయి. కొత్తగా నీటి సంఘం కమిటీలోకి వచ్చారు. "సాగునీటి విలువ మీద రైతులకూ సిబ్బందికీ కలిపి శిక్షణ పెట్టుకోండి" అని పైనుంచి చెప్పారు. ఏం చేయించాలో తెలియడం లేదు. రైతులేమో ఇదంతా శిస్తు (కాలువ నీటి పన్ను) పెంచడానికే అంటున్నారు.

సూటిగా చెప్పాలంటే, ధరతో మొదలుపెట్టకండి, కొలతతో మొదలుపెట్టండి. ఒక్క మేజరు, ఒక్క పంటకాలం తీసుకోండి. రైతులూ, లష్కరూ (కాలువ తలుపులు తిప్పే సిబ్బంది), ఏఈ (ఇరిగేషన్ అసిస్టెంట్ ఇంజినీరు) ఒకే చోట నిలబడి, ఒకే అంకె చూసి, ఒకే రిజిస్టర్లో రాయాలి. ఆ నీటిని ఎకరం-అంగుళాల్లోకి (ఎకరం పొలంలో అంగుళం ఎత్తు నీరు) మార్చి పక్కన రూపాయలు వేసుకోవాలి. హాలులో కూర్చోబెట్టి స్లైడ్లు చూపించే శిక్షణ అయితే భోజనాల ఖర్చు తప్ప ఏమీ మిగలదు.

ముందు శిస్తు భయం సంగతి తేల్చుకుందాం. ఆ భయం తీరకపోతే ఎవరూ నిజం చెప్పరు. రైతు కట్టేది (శిస్తు), నీళ్లు పొలానికి చేరడానికి అయ్యే ఖర్చు, ఆ నీళ్ల వల్ల పొలంలో పుట్టే విలువ, ఈ మూడూ వేర్వేరు. 1990ల రెండో భాగంలో శిస్తు సవరించినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ప్రాజెక్టుల కింద మొదటి వరి పంటకు ఎకరాకు 200 రూపాయలు పెట్టారు. వరికి 1,200 మిల్లీమీటర్ల నీరు, అంటే సుమారు 47 అంగుళాలు పెట్టారనుకుంటే ఎకరం-అంగుళానికి పడేది నాలుగు రూపాయల పైచిలుకు. లక్ష లీటర్లకు నాలుగు రూపాయలు! పైగా ఈ శిస్తు ఎకరం మీద, పంట మీద వేసేది. నీటి మీద వేసేది కాదు. మొదటి తూము కింద 60 అంగుళాలు పెట్టిన వాళ్లూ, చివర 30 అంగుళాలతో సరిపెట్టుకున్న వాళ్లూ ఒకటే కడతారు. కాబట్టి శిస్తు అంకె నీటి విలువ గురించి ఏమీ చెప్పదు. మొదటి సమావేశంలోనే "ఈ రిజిస్టరు శిస్తు నిర్ణయానికి వాడబడదు" అని తీర్మానం రాసి, ఏఈ చేత కూడా సంతకం పెట్టించండి. నోటి మాట చాలదు. నీటి సంఘాల 1997 చట్టం ప్రకారం వారబందీ (వంతుల వారీ నీటి) పట్టిక వేసుకోవడం, తూముల మధ్య నీటి పంపకం, నీటి పొదుపు సంఘం పనులే. మీరు ఎవరి అధికారంలోకీ చొరబడటం లేదు.

కొలమానం ఒక్కటే పెట్టుకోండి

ఏఈ క్యూసెక్కుల్లో (సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు), పై అధికారులు టీఎంసీల్లో, రైతు "తడి"లో, బోరు రైతు "ఇంచు"ల్లో మాట్లాడతారు. అందరినీ కలిపేది ఎకరం-అంగుళం: ఎకరం పొలంలో అంగుళం ఎత్తున నిలిచే నీరు. అది సుమారు 1,03,000 లీటర్లు. అన్నిటికంటే పనికొచ్చే సూత్రం ఇది: ఒక క్యూసెక్కు గంటసేపు పారితే దాదాపు సరిగ్గా ఒక ఎకరం-అంగుళం. మీ తూములో అర క్యూసెక్కు పారుతుంటే, రెండు అంగుళాల తడికి ఎకరాకు నాలుగు గంటలు. ఇది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. ఇక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే వచ్చే నీరు. టీఎంసీకి ఆరుతడి (నీరు నిలపకుండా తడులతో పండే) పంట పది వేల ఎకరాలు అనే పాత లెక్కను విప్పితే ఎకరాకు సుమారు 27 అంగుళాలు.

బోరు ఇంచులతో జాగ్రత్త. అది లోతు లెక్క కాదు, వీ-నాచ్ పలక (V ఆకారపు గాటున్న పలక) మీద నీటి ఎత్తు. 90 డిగ్రీల నాచ్ మీద రెండించులంటే సెకనుకు 0.8 లీటరు, మూడించులంటే 2.2, నాలుగించులంటే 4.5 లీటర్లు. ఇంచులు రెట్టింపైతే నీళ్లు అయిదున్నర రెట్లు అవుతాయి. "మా బోరు నాలుగించుల నుంచి మూడించులకు వచ్చింది, పెద్దగా తగ్గలేదు" అనే రైతుకు సగం పైగా నీరు పోయిందని ఈ లెక్క చూపిస్తేనే తెలుస్తుంది.

కాలువలో కొలవడం

ఫ్లూమ్ (ప్రవాహం కొలవడానికి కాలువలో కట్టే ఇరుకు గొంతు కట్టడం) ఉంటే మంచిదే. అడుగు వెడల్పు గొంతున్న పార్షల్ ఫ్లూమ్‌లో గేజీ అరడుగు చూపిస్తే సుమారు 1.4 క్యూసెక్కులు, అడుగు చూపిస్తే 4 క్యూసెక్కులు. కానీ కింది వైపు నీటి మట్టం పై గేజీలో 70 శాతం దాటితే ఆ రీడింగు నమ్మకూడదు. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. చివరి మేజర్లలో గుర్రపు డెక్క, పూడిక వల్ల ఇది తరచూ జరుగుతుంది. గేజీ పలక సున్నా కూడా చూసుకోవాలి. పూడిక నాలుగు అంగుళాలు పేరుకుంటే నీళ్లు లేకున్నా ఉన్నట్టు చదువుతారు.

ఫ్లూమ్ లేకపోతే తేలే వస్తువు చాలు. నిటారుగా, ఒకే వెడల్పుతో ఉన్న 20 మీటర్ల ముక్క ఎంచుకోండి. బత్తాయి కాయ వేయండి. ప్లాస్టిక్ సీసా వద్దు, గాలికి పరుగెత్తుతుంది. అయిదు సార్లు వేసి సగటు తీయండి. ఉదాహరణకు వెడల్పు 1.2 మీటర్లు, సగటు లోతు 0.4 మీటర్లు, 20 మీటర్లకు 50 సెకన్లు పట్టింది. వేగం సెకనుకు 0.4 మీటరు. పైపొర అడుగు నీటికంటే వేగంగా పోతుంది కాబట్టి 0.85తో గుణిస్తే 0.34. వైశాల్యం 0.48 చదరపు మీటర్లు. వచ్చేది సెకనుకు 163 లీటర్లు, అంటే 5.75 క్యూసెక్కులు. 10–15 శాతం తేడా ఉండొచ్చు, ఫరవాలేదు. రెండు వర్గాలూ ఒప్పుకున్న అంకె కావడం అంతకంటే ముఖ్యం.

మొదటి రోజు చేయించాల్సిన పని: మేజరు తల, మధ్య, చివర మూడు చోట్ల ఒకే రోజు, నీటిమట్టం నిలకడగా ఉన్నప్పుడు కొలవడం. తలుపు ఎత్తిన వెంటనే కొలిస్తే కొత్తగా వదిలిన నీరు ఇంకా చివరికి చేరదు, నష్టం ఎక్కువగా కనిపిస్తుంది. కనీసం రాత్రంతా ఒకే మట్టంలో పారిన తర్వాత ఉదయం కొలవండి. తలనుంచి వచ్చింది, దారిలో తూములు తీసుకున్నది, చివరికి చేరింది రాసి తీసివేస్తే మిగిలేది ఊట, గండ్లు, లెక్కలో లేని తూములు. చివరి రైతు "పైవాళ్లు దొంగిలిస్తున్నారు" అంటాడు, పైరైతు "లైనింగు పోయింది, ఇంకిపోతోంది" అంటాడు. కొలిచి చూస్తే సాధారణంగా ఇద్దరిదీ కొంత నిజం అవుతుంది. ఎవరిది ఎంత అన్నది తేలాకే రిపేరుకు పెట్టాలా, కాపలాకు పెట్టాలా అని మాట్లాడుకోవచ్చు.

ఇప్పుడు రూపాయలు

నల్లబల్ల మీద రైతులే చెప్పిన అంకెలతో వేయించండి. ఇక్కడ నమూనా కోసం 2025-26 మద్దతు ధరలు తీసుకుంటున్నాను. దిగుబడి, ఖర్చు మాత్రం మీ ఊరివి పెట్టుకోవాలి.

వరి: ఎకరాకు 25 క్వింటాళ్లు, క్వింటాలు 2,369 రూపాయలు, రాబడి 59,225. కౌలు కాకుండా ఖర్చు 38,000 అనుకుంటే మిగులు 21,225. నీరు 47 అంగుళాలు. అంగుళానికి సుమారు 450 రూపాయలు.

మొక్కజొన్న: 30 క్వింటాళ్లు, 2,400 చొప్పున 72,000. ఖర్చు 42,000, మిగులు 30,000. నీరు 20 అంగుళాలు. అంగుళానికి 1,500.

వేరుశనగ: 9 క్వింటాళ్లు, 7,263 చొప్పున 65,367. ఖర్చు 42,000, మిగులు 23,367. నీరు 20 అంగుళాలు. అంగుళానికి దాదాపు 1,170.

ఈ లెక్క అయ్యాక సిబ్బంది వైపు నుంచి "చూశారా, వరి మానేయండి" అని వస్తుంది. అక్కడే శిక్షణ చెడుతుంది. తలభాగం రైతు వరి వేయడానికి కారణాలున్నాయి. ఊట నీరు దిగే పల్లపు నల్లరేగడిలో మొక్కజొన్న నిలవదు. ధాన్యానికి కొనుగోలు కేంద్రం ఉంది, మొక్కజొన్నకు మద్దతు ధర కాగితం మీద ఉన్నా ఆ రేటు చేతికి రావడం ఖాయం కాదు. గడ్డి కావాలి. పక్క మడి వరి అయితే మన మడి ఆరుతడిగా ఉండదు. ఆరుతడికి లోకలైజ్ చేసిన (ప్రభుత్వం ఆరుతడికే కేటాయించిన) భూమిలో వరి వేయడం తప్పే, ఆ మాట చెప్పాల్సిందే. కానీ కారణాలు విన్న తర్వాత చెబితేనే పరిష్కారం దొరుకుతుంది. వరి ఉండాల్సిన చోట తడి-ఆరు పద్ధతి పెట్టించండి: 15 సెంటీమీటర్ల వ్యాసం, 30 సెంటీమీటర్ల పొడవు పీవీసీ గొట్టానికి కింది సగంలో చిల్లులు వేసి మడిలో దించాలి. లోపల నీరు నేలమట్టం కంటే 15 సెంటీమీటర్లు కిందికి దిగాకే మళ్లీ తడి. పూత దశలో మాత్రం 5 సెంటీమీటర్ల నీరు నిలబెట్టాలి. కానీ ఇది కాలువ నీరు చెప్పిన తేదీకి వచ్చే చోటే పనిచేస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు మడి నింపి పెట్టుకోవడమే రైతుకు తెలివైన పని.

సగటు విలువ సగం కథే

పై అంకెలు పంట మొత్తానికి సగటు. అసలు విలువ తడి తడికీ మారుతుంది. మొక్కజొన్న జల్లు, పీచు వచ్చే దశలో రెండు అంగుళాల తడి తప్పితే ఎకరాకు ఎనిమిది క్వింటాళ్లు పోయిందనుకోండి. అది 19,200 రూపాయలు, అంగుళానికి 9,600. అదే నీరు కోతకు వారం ముందు వస్తే విలువ సున్నా, ఒక్కోసారి నష్టం కూడా. అందుకే రైతులను "నీటి విలువ ఎంత?" అని అడగొద్దు. "ఈ తడి రాకపోతే ఎన్ని బస్తాలు పోతాయి?" అని అడగండి. ప్రతి తూము కింద పంట దశలు పదిహేను రోజులకొకసారి పట్టికగా రాయండి. ఏ వారంలో తలుపు మూయకూడదో ఆ పట్టికే చెబుతుంది.

చివరి రైతు ఇప్పటికే ఒక ధర కడుతున్నాడు, అది ఎవరి రిజిస్టర్లోనూ లేదు. మురుగు కాలువలోంచి 5 హెచ్‌పీ డీజిలు ఇంజనుతో సెకనుకు 8 లీటర్లు తోడితే ఎకరం-అంగుళానికి మూడున్నర గంటలు. గంటకు లీటరు లెక్కన డీజిలుకే దాదాపు 350 రూపాయలు, ఇంజను అద్దె, కూలి వేరు. కాలువ నీటికి శిస్తు నాలుగు రూపాయలు, కాలువ నీరు రానందుకు 350. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి ఏఈకి చూపించండి. చివరి భూములకు నీరు చేరకపోవడం ఖర్చు ఎంతో వినతిపత్రాల కంటే ఇదే బాగా చెబుతుంది.

సిబ్బంది నేర్చుకోవాల్సింది

కలిసి నేర్చుకోవడం అంటే రైతుకు పాఠం చెప్పడమే అనుకుంటారు చాలామంది. ఏఈ చూసేది హెడ్ రెగ్యులేటర్ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలామన్నది. రైతు చూసేది ఏ రోజున వస్తాయన్నది. ఒక చిన్న పరీక్ష పెట్టండి: "తేదీ ముందే చెప్పి ఖచ్చితంగా ఇచ్చే 10 రోజుల నీరా, ఎప్పుడు ఆగుతుందో తెలియని 15 రోజుల నీరా?" చీటీల మీద విడివిడిగా రాయించండి. సిబ్బందీ తమ అంచనా ముందే రాసి పెట్టాలి. ఖచ్చితమైన పదికే ఎక్కువమంది మొగ్గుతారని నా అంచనా. నమ్మకం పెరిగితే తక్కువ నీటితో సరిపోతుంది. లష్కరును మాత్రం మర్చిపోవద్దు. తలుపు తిప్పేది ఆయనే, ఒత్తిడి పడేది ఆయన మీదే. రిజిస్టర్లో అంకె ఉంటే "ఇంకో రెండంగుళాలు ఎత్తు" అనే పెద్దమనిషికి చూపించడానికి ఆయన చేతిలో ఒక కాగితం ఉంటుంది. సీజన్లో ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లు చేసే జాయింట్ అజమాయిషీ (సాగు విస్తీర్ణం తనిఖీ) రోజునే మీ పట్టిక తెచ్చి సరిచూసుకోండి. సాగు విస్తీర్ణం, పెట్టిన నీరు ఒకే కాగితం మీదికి రావడానికి అంతకంటే మంచి రోజు దొరకదు.

బోర్లు ఉన్న చోట

దీనికి మన దగ్గరే మంచి నమూనా ఉంది. 2003లో మొదలైన ఏపీఎఫ్ఏఎంజీఎస్ (రైతులే నిర్వహించే భూగర్భజల వ్యవస్థలు) ప్రాజెక్టు నెదర్లాండ్స్, ఆ తర్వాత ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) తోడ్పాటుతో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో నడిచింది. రైతులే రోజూ వర్షం, పదిహేను రోజులకోసారి బావుల నీటిమట్టం, క్రమం తప్పకుండా బోర్ల నీటి రాబడి కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని పంటల నీటి బడ్జెట్ వేశారు. ఏ పంట వేయాలో ఎవరూ శాసించలేదు, లెక్క చూసి ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకున్నారు.

ఆ లెక్క ఇలా ఉంటుంది. వెయ్యి హెక్టార్ల ఊరు, 550 మిల్లీమీటర్ల వాన, గ్రానైటు నేలలో ఇంకేది సుమారు పదో వంతు అనుకుంటే 5.5 లక్షల ఘనపు మీటర్లు. అంటే దాదాపు 5,350 ఎకరం-అంగుళాలు. తాగునీరు, ఖరీఫ్‌లో తోడింది తీసేయకముందే ఇది వరికి 113 ఎకరాలు, వేరుశనగకు 267 ఎకరాలు. ఊళ్లో ఎన్ని ఎకరాల వరి ఉందో అందరికీ తెలుసు. ఆ తర్వాత ఉపన్యాసం అక్కర్లేదు.

కరెంటు ఉచితం కాబట్టి నీరు ఉచితం అనే మాటకూ ఇదే జవాబు. 5 హెచ్‌పీ మోటారు సెకనుకు 4 లీటర్లు పోస్తే ఎకరం-అంగుళానికి ఏడు గంటలు, దాదాపు 30 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే 210. రైతు కట్టకపోయినా ఎవరో ఒకరు కడుతున్నారు. నీటిమట్టం దిగేకొద్దీ ఆ గంటలు పెరుగుతాయి, మోటారు కాలడం రైతు ఖాతాలోనే పడుతుంది.

యువరైతులకు ఆట బాగా ఎక్కుతుంది. ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో భూగర్భజలాల మీద ఇలాంటి ఆటలు ఆడించి చూసిన పరిశోధన ఉంది. నేను చెప్పే పద్ధతి: అయిదుగురు ఆటగాళ్లు, గిన్నెలో 50 గింజలు. ఆరుతడి పంటకు ఒక గింజ, వరికి మూడు, లాభం వరికే ఎక్కువ. ప్రతి ఏడాది వానకు 5 గింజలు తిరిగి వేయాలి. అందరూ వరి వేస్తే అయిదో ఏట గిన్నెలో పది గింజలే ఉంటాయి, కావాల్సింది పదిహేను. మొదటి విడత మాట్లాడుకోకుండా, రెండో విడత మాట్లాడుకుని ఆడించండి. ఆట అయ్యాక చర్చకు కనీసం ఆటకు పట్టినంత సమయం ఇవ్వాలి. లేకపోతే నవ్వుకుని వెళ్లిపోతారు.

ఎక్కడ చెడుతుంది

ఇంట్లో కూర్చుని రాసే రీడింగులు మొదటి జబ్బు. అంకెలన్నీ సున్నాతోనో అయిదుతోనో ముగుస్తుంటే, వరసగా నాలుగు రోజులు ఒకటే ఉంటే అనుమానించండి. తల రైతు ఒకరు, చివరి రైతు ఒకరు జంటగా కొలిస్తే ఇది చాలావరకు పోతుంది.

వర్షమాపకం వేపచెట్టు కింద పెడతారు. ఆరుబయట, దగ్గరి చెట్టు, గోడ ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో పెట్టి, రోజూ ఉదయం 8.30కి చదవాలి. బావి మట్టం మోటారు నడుస్తుండగా కొలిస్తే అది బావి మట్టం కాదు. కరెంటు రాకముందు, నీరు తిరిగి ఊరాక కొలవాలి.

ఏఈ బదిలీ అవుతారు, కొత్తాయన మళ్లీ మొదటికొస్తారు. రిజిస్టరు సంఘం దగ్గర ఉండాలి, నకలు సెక్షన్ ఆఫీసులో. ప్రాజెక్టు డబ్బుతో నడిచిన చోట డబ్బు ఆగితే కొలతలూ ఆగుతాయి. అందుకే పరికరాలు బత్తాయి, టేపు, ఫోను గడియారం స్థాయిలోనే ఉంచమంటాను.

ఇంకొకటి, చదువుకున్నవాళ్లు కూడా పొరబడేది: పెట్టిన నీరు వేరు, పోయిన నీరు వేరు. వరికి పెట్టిన 47 అంగుళాల్లో చాలా భాగం భూమిలోకి దిగి కింది బావుల్లో తేలుతుంది. తలభాగంలో లైనింగు చేసి, వరి తగ్గించి "ఇంత ఆదా" అని లెక్క రాస్తే, ఆ ఊటమీద బతికే కింది బావులు ఎండొచ్చు. డ్రిప్ పెట్టి మిగిలిన నీటితో ఇంకో రెండెకరాలు వేస్తే భూగర్భానికి మిగిలేది ఏమీ లేదు. లైనింగు పనులకు ముందు మేజరు వెంట ఉన్న బావుల మట్టాలు ఒక సీజనైనా రాసి పెట్టుకోండి.

మీ మేజరు పొడవు, తూములు ఎన్ని, గేజీ పలకలు ఇప్పుడు ఎక్కడున్నాయి, కింద ఉన్న బావులెన్ని అన్నది రాయండి. మూడు కొలత పాయింట్లు ఎక్కడ పెడితే బాగుంటుందో, వారబందీ గంటలు తూము వారీగా ఎలా పంచాలో చూసి చెబుతాను.